చెల్లెలికి వేరే పళ్లెం

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుంతకల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో అమ్మా నేనే. 2004లో ఒక సహవాసంలో, అంటే ఒక క్రైస్తవ సంఘంలో, బాప్తిస్మం తీసుకున్నాను, ఆ రోజే ఒంటి మీది బంగారం తీసేశాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉపవాసం, జీతంలో దశమభాగం. టీవీ లేదు, సినిమా లేదు. తాళి కట్టే పెళ్లి వద్దని సహవాసంలో అన్నారని రెండు సంబంధాలు వదులుకున్నాను. అమ్మ షుగర్ మందులు, కంటి ఆపరేషన్, ఇంటి అద్దె అన్నీ నేనే చూశాను. మా అమ్మ కూతురు కూడా మా సహవాసంలోనే బాప్తిస్మం తీసుకుంది. కానీ తొమ్మిదేళ్ల కిందట అన్యుడైన అబ్బాయితో బెంగళూరు వెళ్లిపోయింది. అతను వదిలేశాడట, మొన్న మే నెలలో ఏడేళ్ల పాపతో తిరిగొచ్చింది. అమ్మ ఆ రోజే నాటుకోడి కోయించి, ఓళిగలు చేసింది. బాప్తిస్మం నాడు నేను తీసిచ్చిన కమ్మలు పాప చెవులకు పెట్టింది. చెవితూట్లు పూడిపోకుండా నేను ఇప్పటికీ రాత్రిపూట చీపురుపుల్లలు పెట్టుకుంటాను, అది అమ్మకు తెలియదు. 'అట్టివానితో భుజింపకూడదు' అని వాక్యం ఉంది కాబట్టి ఆమెకు పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టాను. మా పెద్దలకు చెప్తే, అందరి ముందు ఒప్పుకునేదాకా ఆమె ప్రభు భోజనపు బల్లలో చేయి వేయకూడదన్నారు. పాప నుదుటి బొట్టు నా కొంగుతో తుడిస్తే పెద్దగా ఏడ్చింది. అప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. పాపాన్ని పాపం అనడం తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'చెల్లెలు' అనే మాట ఒక్కసారి కూడా లేదు. 'మా అమ్మ కూతురు' అని రాశారు. ఆ తర్వాత అంతా 'ఆమె'. బైబిలు బాగా చదివిన మనిషి మీరు, ఇది ఎక్కడో విన్నట్టుందని మీకే తట్టాలి. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చిన రోజు, అన్న పొలం నుంచి వస్తూ ఇంట్లో పాటలు విని గుమ్మం బయటే నిలబడిపోతాడు. తండ్రితో 'నా తమ్ముడు' అనడు, 'ఈ నీ కుమారుడు' అంటాడు. ఇంకో సంగతి చూడండి. చిన్నవాడు ఆస్తి తగలేశాడని కథ చెప్తుంది గానీ వేశ్యల ఊసెత్తదు. ఆ మాట మొదట తెచ్చినవాడు అన్నే. దూరదేశంలో ఏం జరిగిందో అతను చూడలేదు, తమ్ముణ్ని అడగనూ లేదు.

'అతను వదిలేశాడట' అని రాశారే, ఆ 'ట' దగ్గర నేను ఆగిపోయాను. మూడు నెలలుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఆ 'ట' ఇంకా పోలేదంటే, ఏం జరిగిందమ్మా అని మీరు ఆమెను అడగలేదన్నమాట.

మీ ప్రశ్నకు వస్తాను. పాపాన్ని పాపం అనడం తప్పు కాదు. అయితే మీ ఉత్తరంలో చెల్లెలి పాపం గురించి ఉన్నది రెండు ముక్కలు. మిగతాదంతా మీ చిట్టా. ఏ ఏడు, ఏ వారం, జీతంలో ఎంత, ఎన్ని సంబంధాలు, ఎవరి అద్దె. దీన్ని ఎగతాళిగా అనడం లేదు, అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదని నాకు తెలుసు. లూకా 18లో దేవాలయానికెళ్లిన పరిసయ్యుడూ (ధర్మశాస్త్రం తు.చ. తప్పక పాటించే యూదుడు) అబద్ధమాడలేదు. ధర్మశాస్త్రం అడిగింది ఏడాదికొక్క ప్రాయశ్చిత్త దినం ఉపవాసమే, ఆయన వారానికి రెండుసార్లు చేశాడు. మంచి మనిషే. కానీ 'ఈ సుంకరిలా లేనందుకు నీకు వందనాలు' అని ప్రార్థించాడు. వెనక నిలబడ్డ ఆ సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు, ఆయన ప్రార్థనలోకి ఎందుకొచ్చాడన్నదే నా ప్రశ్న. దేవుడితో మాట్లాడుకుంటున్నవాడికి పక్కవాడితో ఏం పని?

కూలికి వెళ్లినవాళ్లకైతే పని ఉంటుంది. ఎవరికెంత ముట్టిందో చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. ఆ పెద్దకొడుకు తండ్రితో, ఇన్నేళ్లుగా నిన్ను సేవిస్తున్నాను, నా స్నేహితులతో సంతోషపడటానికి ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. 'సేవించాను' అన్నచోట గ్రీకులో వాడిన మాటకు దాసుడిలా చాకిరీ చేయడమని అర్థం. కన్నతండ్రి ఇంట్లో ఉంటూ జీతగాడిలా బతికాడు. అందుకే తమ్ముడికి వడ్డించిన విందు అతనికి తన కూలిలోంచి కోసినట్టు కనిపించింది. మీకు ఆ ఓళిగలు ఎలా కనిపించాయో ఆలోచించుకోండి. ఎఫెసీ 2:8 మీరు సండేస్కూలు పిల్లలకు కంఠస్థం పెట్టించే ఉంటారు. రక్షణ కృపచేతనే, అది దేవుని వరమే అని. అది చెల్లెలికి మాత్రమే రాసిన వచనం కాదమ్మా. 2004 నుంచి మీరు కడుతూ వచ్చిన శుక్రవారాలు ఎవరూ అడగని కిస్తీలు.

ఇప్పుడు పళ్లెం సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోకండి.

మాది జమ్మలమడుగు. లండన్ మిషన్ వాళ్లు కడపకు 1822లో వచ్చారు. వాళ్ల వెంట గుడికి (చర్చికి) వచ్చిన మాలపల్లె కుటుంబాల్లో మాదీ ఒకటి. మా జేజినాయనకు ఊళ్లో టీ బంకు దగ్గర విడిగా ఒక గ్లాసు ఉండేది, గూట్లో బోర్లించి. తాగి, కడిగి, మళ్లీ తనే బోర్లించి రావాలి. ఆదివారం గుడిలో ప్రభు భోజనానికి మాత్రం ఒకే గిన్నె చేతులు మారుతూ వచ్చేది, దొర పెదవి ఆనించిన అంచుకే ఈయనా పెదవి ఆనించేవాడు. నన్ను గుడికి నడిపించింది ప్రసంగాలు కాదు, ఆ గిన్నే అనేవాడు. మీరు 'పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టాను' అని రాస్తే నాకు ఆ గూడు కనిపించింది. మీ ఇంట్లో పైతరాలకు ఇలాంటిది జరిగిందో లేదో మీ అమ్మకు తెలిసి ఉంటుంది. ఆమె మౌనానికి బొట్టు ఒక్కటే కారణమా అని నాకు అనుమానం.

వాక్యం ఉంది కదా అంటారు. ఉంది, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం. ఆ ఒక్క వచనంలోనే లోభి, తిట్టుబోతు కూడా ఉన్నారు. వాళ్లందరికీ వేరే పళ్లెం పెట్టాలంటే మన పెళ్లి భోజనాల్లో సగం విస్తర్లు గోడ పక్కకు జరపాలి. పైగా అదే పౌలు రెండో పత్రిక 2వ అధ్యాయంలో, శిక్ష పడిన ఒక మనిషి గురించి, ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అని బతిమాలాడు. మొదటి పత్రిక పట్టుకుని రెండోది మూసిపెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. అంతియొకయ పట్టణంలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కూర్చుని తింటున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే మెల్లగా లేచి పక్కకు జరిగితే, పౌలు అందరి ముందే నిలదీశాడు. గలతీ 2 తీసి చూడండి. ఆ రోజు గొడవంతా ఎవరి పక్కన కూర్చుని తినాలన్నదాని మీదే.

కాబట్టి ఈ రాత్రికే ఆ పళ్లెం మిగతా పళ్లేల్లో కలిపేయండి. ప్రకటనలేం చేయొద్దు, ప్రార్థన కూడా పెట్టొద్దు. కలిపేసి, వడ్డించుకుని, ఆమె పక్కన కూర్చోండి. మొదటి రోజు మాట పెగలకపోయినా ఫర్వాలేదు, ముద్ద దిగితే చాలు.

పాప దగ్గరికి రేపు వెళ్లండి. ఆ పిల్లకు కనిపించింది సిద్ధాంతం కాదు, పెద్దమ్మ చేయి. ఆ బొట్టు రోజూ పొద్దున వాళ్లమ్మ తల దువ్వి పెట్టేది. బెంగళూరులో ఉన్నదంతా పోయాక ఆ పిల్లకు మారకుండా మిగిలిన పని బహుశా అదొక్కటే. అవిశ్వాసి భర్త ఉన్న ఇంటి పిల్లల గురించి పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక 7వ అధ్యాయంలో 'పవిత్రులు' అన్నాడు, మీరు తుడిచి శుభ్రం చేయాల్సినదేమీ లేదు. కింద కూర్చుని, పిల్ల ముఖంలోకి చూసి, 'నీ బొట్టు తుడిచాను, తప్పు చేశాను' అనండి. దేవుడి పేరు ఎత్తకుండా అనండి, లేకపోతే అది మళ్లీ పాఠమైపోతుంది.

మీ పెద్దల దగ్గరికి ఆ విషయం తీసుకెళ్లింది మీరే. 'నేను తొందరపడి చెప్పాను, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం' అని చెప్పి రావలసిందీ మీరే. చెల్లెల్ని అందరి ముందు నిలబెట్టే ఆదివారం రాకుండా చూడండి. అమ్మ వెళ్లే గుడికి ఆమె వెళ్తానంటే వెళ్లనివ్వండి. మీరు సహవాసం మానేయాలని నేను చెప్పడం లేదు.

ఇక మీ వైపు మాట. మీకు జరిగిన అన్యాయం ఒకటుంది, దాన్ని మీరే సరిగా రాయలేదు. ఆ కమ్మలు మీవి. మీ అమ్మ మిమ్మల్ని అడక్కుండా ఇచ్చింది. ప్రేమతోనే అయినా అది పొరపాటే. అద్దె, మందులు, ఆసుపత్రి తిరుగుళ్లు ఒక్కరి నెత్తిన పడటమూ న్యాయం కాదు. ఆ కోపం అచ్చంగా మీది, నిజమైనది. దాన్ని కోపంగా బయటపెట్టడం మీకెవరూ నేర్పలేదు, అందుకే దానికి వాక్యం తొడిగి చెల్లెలి మీదికి పంపారు. అది విప్పేయండి. అమ్మతో 'ఆ కమ్మలు నావి, అడక్కుండా ఇచ్చావు, నాకు బాధేసింది' అనండి. అధ్యాయం, వచనం ఏవీ వద్దు. చెల్లెలితో కూర్చుని, ఆమె ఏం పని చేయగలదో, ఇంటి ఖర్చులో ఎంత పంచుకోగలదో, అమ్మను డాక్టరు దగ్గరికి ఏ నెల ఎవరు తీసుకెళ్లాలో మాట్లాడుకోండి. కృప అంటే అద్దె అంతా నువ్వే కట్టుకో అని కాదు.

మీ అమ్మ మీ దగ్గరికి వచ్చి బుజ్జగించలేదు, నిజమే. కథలో తండ్రి పెద్దకొడుకు కోసం కూడా విందు వదిలి బయటికొస్తాడు, 'నావన్నీ నీవే' అంటాడు. మీ అమ్మ దేవుడు కాదు కదా, షుగరుతో, కంటి ఆపరేషన్‌తో ఉన్న ఒక పెద్దావిడ. ఇంట్లో ఉన్న కూతురు ఎటూ పోదన్న ధైర్యంతో పోయిన కూతురి వెంట పడింది. చాలా ఇళ్లల్లో అమ్మలు చేసే పనే ఇది, ఉన్నవాళ్లకు కడుపు మండే పని కూడా ఇదే.

ఆ రెండు సంబంధాలు పోయినప్పుడు ఎవరైనా మీ పక్కన కూర్చుని ఏడ్చారా? 'ప్రభువు కోసం వదిలేశావు, ధన్యురాలివి' అని ఉంటారు, అంతే. అది త్యాగమో నష్టమో ఇప్పుడు మీరే తేల్చుకోవాలి. రెండూ కావచ్చు. మీ మనసుకు దగ్గరైన ఒక్క మనిషితోనైనా, పెద్దలతో కాదు, స్నేహితురాలితో, ఆ మాట పైకి అనుకోండి.

బంగారం గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో బంగారు నగలతో పాటు జడలు అల్లుకోవడం కూడా ఉంది. మీ సహవాసంలో ఎవరైనా జడ వేసుకోవడం మానేశారా? ఇష్టపడి తీసేసి ఉంటే అది మీ భక్తి, నేను వేలు పెట్టను. పెట్టుకోమనీ చెప్పను. కానీ ఇరవై ఏళ్లకు పైగా రాత్రిళ్లు చీపురుపుల్లలు పెట్టుకున్న మనిషి, ఆ కమ్మలు ఇంకో చెవికి చూసినప్పుడు మండిపడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఆ పుల్లల సంగతి పెద్దలకు చెప్పక్కర్లేదు, చెల్లెలికీ ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీ అమ్మకు చెప్పండి. రోజూ ఇల్లు ఊడ్చే మనిషి, ఆవిడకు ఎప్పుడో తెలిసి ఉంటుందనే నా నమ్మకం.