రాళ్లు ఏరుకునే అమ్మాయికి అన్నం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఒకప్పుడు సముద్రాల్లో బతికిన రాకాసి బల్లుల శిలాజాలంటే పిచ్చి. పండగ డబ్బులతో అలాంటి బల్లి ఒకదాని, మొరాకో మోససార్ పన్నును దవడ ముక్కతో సహా ఆన్‌లైన్‌లో తెప్పించింది. తీరా దవడ నకిలీదట, సూదితో గీకి తనే తేల్చింది. డబ్బు దండగ. ఇప్పుడు జియాలజీ చదువుతానంటోంది. ఆడపిల్ల కదా! కంప్యూటర్ సైన్స్ మేలా, జియాలజీ మేలా?
– ఒక తండ్రి, రాజోలు

జవాబు: అయ్యా, దండగ అన్నారే, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మొరాకో ఫాస్ఫేట్ గనుల్లో మోససార్ పళ్లు బోలెడు దొరుకుతాయి. ఒంటి పన్నుకు పెద్ద ధర పలకదు కనుక, ఇసుక, జిగురు కలిపిన ముద్దలో గుచ్చి దవడ అని అంటగడతారు. గీకితే ఎముక గుల్లతనం కనబడదు, ఇసుక రాలుతుంది. ఎవరూ నేర్పకుండా ఆ తేడా పట్టుకున్న పిల్లను మెచ్చుకోకపోగా డబ్బు లెక్క చూస్తున్నారా?

ఇక ‘ఆడపిల్ల కదా’ సంగతి. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ తీరంలో 1823లో పొడవాటి మెడ ఉన్న సముద్ర సరీసృపం ప్లీసియోసార్ అస్థిపంజరాన్ని వెలికితీసిన మేరీ ఆనింగ్‌కు అప్పటికి 24 ఏళ్లు. శిలాజాలు అమ్ముకునే ఆమెకు డబ్బుకు తరచూ కటకటే, అది కూడా దాచను. సేకరణ సరదా, కూడు పెట్టేది జియాలజీ. మన దేశంలో సముద్ర సరీసృపాల మీదే పనిచేసేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గుజరాత్‌లోని కచ్‌లో దొరికిన ఇక్తియోసార్‌ను, అంటే చేప ఆకారపు సముద్ర సరీసృపాన్ని, 2017లో ప్రపంచానికి చూపిన బృందానికి నాయకుడు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు గుంటుపల్లి ప్రసాద్.

కంప్యూటర్ సైన్స్ మీద నాకున్న అనుమానం చెప్పనివ్వండి. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి, కంప్యూటర్ కోర్సుకే ఏఐ, డేటా సైన్స్ అని బోర్డులు తగిలిస్తున్నాయి. చెప్పేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నాచితకా కోడింగ్ పనిని ఇప్పుడు యంత్రమే చేసిపెడుతోంది. ఇష్టంగా చదివినవాళ్లకు ఢోకా లేదు. పక్కింటివాళ్లు చేర్పించారని చేరినవాళ్ల గురించే నా భయం. మీరు ఆ జాబితాలో లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

పోలిక అడిగారు గనుక: జియాలజీలో సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది, ఎమ్మెస్సీ తప్పదు, పోస్టులు తక్కువ. కేంద్ర ప్రభుత్వ జియలాజికల్ సర్వే ఉంది, చమురు, గ్యాస్ తీసే ఓఎన్‌జీసీ ఉంది. రాజమహేంద్రవరంలోనే ఓఎన్‌జీసీ కార్యాలయం ఉంది కదా, కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు బావి తవ్వితే పైకొచ్చిన రాతిపొడిలోని సూక్ష్మ శిలాజాలను బట్టి పొర వయసు చెబుతారు. అది కూడా శిలాజాల ఉద్యోగమే. అమ్మాయి పస్తులుండదు, ధైర్యంగా ఉండండి.

కోనసీమలో ఎక్కడ చూసినా ఒండ్రే. మీ పిల్ల నేలలో ఉన్న రాతిపొరను కళ్లారా చూసి ఉండదు. ఒక ఆదివారం రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు రాతి క్వారీకి అనుమతి అడిగి తీసుకెళ్లండి. మోససార్లు అంతరించిన రోజుల నాటి లావా అది, సుమారు 6.6 కోట్ల ఏళ్లది. రెండు లావా పొరల మధ్య సున్నపురాయిలో గవ్వల శిలాజాలున్నాయి. ఏ పొరలో ఏది చూసిందో నోటుపుస్తకంలో రాసుకోమనండి, ఎండలో ఆ పని నచ్చిందో లేదో సాయంత్రానికి తనే చెబుతుంది. ఆ తర్వాత ప్రశ్న ఏదైనా ఉంటే ఈసారి అమ్మాయినే రాయమనండి.