ముందు రాత్రి లెక్క చూడు, అల్లుడూ

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. విజయనగరంలో పాత టెంపో ట్రావెలర్ కొన్నావట, సీట్లు పీకేసి మంచం, పొయ్యి పెడుతున్నావట, పైన సోలార్ వేసి లోపల ఫ్రిజ్జు నడుపుతావట. ఎన్ని వాట్ల ప్యానెల్ కొనాలో మావయ్యని అడగమన్నావట. తిరగేసి అడిగావురా ప్రశ్న. ముందు ఫ్రిజ్జు ఎంత తింటుందో తేలాలి, రాత్రంతా దానికి ఎక్కణ్ణుంచి పెడతావో తేలాలి. ప్యానెల్ సంగతి ఆ తరవాత. ముప్పై ఏళ్లు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫ్రిజ్జులు బాగుచేశాను, ఆరేళ్లుగా మీ అత్తని వ్యానులో తిప్పుతున్నాను. నేను చేసిన తప్పులే నువ్వూ డబ్బు పోసి చేయక్కర్లేదు.

మొదట్లో నేనూ నీలాగే అనుకున్నాను. ఇంట్లో శుభ్రంగా పనిచేస్తున్న సింగిల్ డోర్ ఫ్రిజ్జు ఉండగా కొత్తది దండగని దాన్నే బండెక్కించి, చవగ్గా దొరికిన ఇన్వర్టర్ తగిలించాను. బారువ బీచ్‌లో రాత్రి రెండింటికి ఇన్వర్టర్ కూత మొదలెట్టింది. లేచి చెవి పెడితే కంప్రెసర్ ఊఁ అని మూలిగి టక్కుమని ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ ఊఁ, మళ్లీ టక్కు. జన్మంతా విన్న చప్పుడే అది, కంప్రెసర్‌ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చి కొట్టేస్తోందని నిద్రలో కూడా చెప్పగలను. తెల్లారేసరికి సాయంత్రం కొన్న రొయ్యలు కంపు. మీ అత్త ఒక్క మాట అనలేదు. అదే భయం వేసింది.

జరిగిందేమిటంటే, కంప్రెసర్ నడిచేటప్పుడు నూరు వాట్లే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. నా చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కీ, నీరసించిన బ్యాటరీకీ అంత ఊపిరి లేదు. ఇంకో దొంగ తిండి కూడా ఉంది. ఫ్రిజ్జు స్టార్ లేబుల్ మీద ఏడాదికి 180 యూనిట్లు అని ఉందనుకో, 365తో భాగిస్తే రోజుకి సుమారు అర యూనిట్, అంటే 500 వాట్ అవర్లు. ఇన్వర్టర్ ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్నందుకే 15 వాట్లు లాగితే 24 గంటలకి 360. వడ్డించేవాడే సగం భోజనం లాగించేసినట్టు! పైగా ఇంటి ఫ్రిజ్జు ఒకచోట నిలబడి ఉండటానికి చేసింది. కంప్రెసర్ లోపల స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది, గోతుల రోడ్డు మీద కొట్టుకుంటుంది, సన్న రాగి గొట్టాలు అతుకుల దగ్గర చిట్లుతాయి. గ్యాస్ పోయాక నాలాంటివాడికి పని.

అందుకని 12 వోల్టుల మీద నేరుగా నడిచే కంప్రెసర్ ఫ్రిజ్జు తీసుకో. ఇద్దరికి 45 లీటర్లు చాలు. పైకి మూత తీసే పెట్టె రకమే మంచిది, పక్క తలుపు తీస్తే చల్లగాలి కాళ్ల మీదికి జారిపోతుంది. ధర చూసి గుండె ఆగుతుంది కానీ ఇన్వర్టర్ ఖర్చు తప్పుతుంది. కారు కూలర్ అని చవకది చూపిస్తే మోసపోకు. అందులో కంప్రెసర్ ఉండదు, బయటి వేడి కంటే ఓ 20 డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే. మే నెలలో వ్యాను లోపల 40 ఉంటే అందులో 20, పాలు విరగడానికి అది చాలు. బ్యాటరీని మాత్రం ఆగకుండా తాగుతుంది. వంటగ్యాస్ మీద కూడా నడిచే త్రీ వే రకం విదేశీ బండ్లలో ఉంటుంది. అది 12 వోల్టుల మీద హీటర్‌తో పనిచేస్తుంది, వంద వాట్లకి పైగా లాగుతుంది. సోలార్‌కి వద్దు.

ఇప్పుడు రాత్రి లెక్క. నా పెట్టె ఫ్రిజ్జు నడిచేటప్పుడు 45 వాట్లు. డిసెంబర్లో మూడు వంతుల్లో ఒక వంతు సేపే నడుస్తుంది, రోజుకి 360 వాట్ అవర్లు. మే నెలలో తలుపులు మూసిన వ్యానులో సగానికి పైగా నడుస్తుంది, 600 దాకా పోతుంది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ప్యానెల్ పనికిరాదు. ఆ పద్నాలుగు గంటల్లో ఫ్రిజ్జుకి 300, 20 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే 200. అంటే ఏ ఎండా లేకుండా 500 నిలవ ఉండాలి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 వాట్ అవర్లు ఉంటాయి. రాత్రి గడిచాక, మర్నాడు మబ్బు పట్టినా చాలావరకు గట్టెక్కిస్తుంది. ఇళ్లలో ఇన్వర్టర్లకి పెట్టే ట్యూబ్యులర్ బ్యాటరీ, 150 ఏహెచ్‌ది, అంకెల్లో పెద్దదే, కానీ సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది, బరువు 50 కిలోల పైమాట, చార్జింగులో వదిలే గ్యాసు మూసిన బండిలో ప్రమాదం. నువ్వు పడుకునే చోట అది వద్దే వద్దు.

ప్యానెల్ విషయం ఇప్పుడు తేలికే. మనవైపు ఏడాది సగటున రోజుకి నిండు ఎండ ఐదు గంటలకి దగ్గరగా వస్తుంది. రూఫు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి వేడి, దుమ్ము పోను నూటికి 70 దక్కితే అదృష్టం. 300 వాట్లకి అలా 1050 వస్తుంది. ఫ్రిజ్జు, ఫ్యాను తిన్నాక కొంచెం మిగులుతుంది. ఇళ్ల మీద పెట్టే పెద్ద ప్యానెల్ అయితే వోల్టేజీ ఎక్కువ, దాన్ని బ్యాటరీకి తగ్గట్టు దించి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ తప్పదు. రూఫుకీ ప్యానెల్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు వదులు, గాలి ఆడాలి. ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది.

మే మధ్యలో సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తికి వస్తాడు, పడుకోబెట్టిన ప్యానెల్‌కి పండగ. డిసెంబర్లో మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు, కానీ అప్పుడు ఫ్రిజ్జుకీ ఆకలి తక్కువ. అసలు గండం జూలై నుంచి అక్టోబర్ దాకా. ఉక్క తగ్గదు, ఎండ రాదు. అరసవల్లి స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని అక్టోబర్లో జనం తెల్లవారుజామునే పరుగెడతారా, ఒక్కో ఏడు మబ్బు పట్టి ఆయనకే అందవు. నీ ప్యానెల్ ఎంత? అందుకే ఇంజిను నడిచేటప్పుడు కూడా బ్యాటరీ నిండేలా డీసీ టు డీసీ చార్జర్ ఒకటి పెట్టు.

నన్ను ఎక్కువగా సతాయించింది నీడ. కళింగపట్నంలో సరుగుడు చెట్ల కింద బండి ఆపితే ప్రాణం లేచొస్తుంది, ఫ్రిజ్జు కూడా తక్కువ తింటుంది. కానీ పైన ప్యానెల్ మీద ఒక్క కొమ్మ నీడ పడినా చాలు, కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి పడుకున్నట్టే, మిగతా సెల్లులూ చతికిలపడతాయి. ఎండలో ఆపితే ప్యానెల్ బాగుంటుంది, బండి పొయ్యిలా కాలుతుంది. చివరికి నేనేం చేశానంటే, 100 వాట్ల ప్యానెల్ ఒకటి విడిగా ఉంచి, పది మీటర్ల కేబుల్‌తో ఎండలో ఇసక మీద ఆనించి పెడతాను. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. సముద్రం దగ్గర కనెక్షన్లకి వాజలిన్ రాయి, ఉప్పు గాలి ఊరుకోదు.

వైరు దగ్గర పిసినారితనం చేయకు. ఫ్యాన్లకి వేసే 1.5 ఎంఎం వైరు ఉంది కదా అని బ్యాటరీ నుంచి ఐదు మీటర్లు లాగాను. పోను ఐదు, రాను ఐదు, పది మీటర్లు. 5 ఆంపియర్లకే దాదాపు 0.6 వోల్టు వైర్లోనే పోతుంది. బ్యాటరీలో సగం చార్జి ఉండగానే ఫ్రిజ్జు తక్కువ వోల్టేజీ అని ఆగిపోయేది, నేను బ్యాటరీని తిట్టుకునేవాణ్ణి. 6 ఎంఎం రాగి వేశాక 0.15 మాత్రమే పోయింది, గోల తీరింది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

వాడకంలో ఒక్కటి గుర్తుంచుకో. ఎండ ఉండగానే చలి నిలవ చేసుకో. మధ్యాహ్నం బ్యాటరీ నిండాక వచ్చేదంతా వృథాయే. అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టి కొన్ని నీళ్లు సీసాల్లో గడ్డ కట్టించి, రాత్రికి పాలు, చేపల పక్కన సర్దితే కంప్రెసర్ సగం నిద్రపోతుంది. మూత గాస్కెట్ సందులో పది రూపాయల నోటు పెట్టి లాగి చూడు, తేలిగ్గా వచ్చేస్తే చలి కారిపోతున్నట్టే. వేడి కూర గిన్నెలు అందులో పెట్టొద్దని నీకు కాబోయే ఆవిడకి కూడా చెప్పు.

నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో నీకు తెలుసు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ అత్త పుట్టింట్లో, ఉద్దానంలో ఉన్నాం. కొబ్బరిచెట్లు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్సులిన్ సీసాలు కొత్త కుండలో తడిగుడ్డ చుట్టి ఉంచాను. అందుకే ఇప్పటికీ ఫ్రిజ్జులో మొదటి చోటు ఇన్సులిన్‌ది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, గడ్డకట్టిన సీసాలకి దూరంగా. అది గడ్డకడితే ఇక పనికిరాదు.

బండి రూపం మార్చావు కాబట్టి ఆర్సీలో రాయించుకో. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను, డీసీ కొలిచే క్లాంప్ మీటర్ తెస్తాను. నేను వచ్చేదాకా రూఫుకి కన్నాలు వేయకు.

మీ మావయ్య