అల్లుడు విస్తరి ముందు కూర్చోలేదంటే అలిగినట్టేనా?

హైదరాబాద్‌లో ఉంటాం. మా వారికి 34 ఏళ్లు. మూడేళ్ల కిందట అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. ఇప్పుడు మోషన్స్ తగ్గాయి, ఇంట్లో మామూలుగానే ఉంటారు. కానీ మా పుట్టింటికి రమ్మంటే రారు. తమ్ముడి పెళ్లికి ముందు రోజు రాత్రి నుంచే ఏమీ తినలేదు, తలంబ్రాలు కాగానే భోజనం చేయకుండా వెళ్లిపోయారు. 'అల్లుడికి మేమంటే లెక్కలేదు' అని నాన్న బాధపడుతున్నారు. సెలవు రోజు నాతో కూడా మాట్లాడకుండా పడుకునే ఉంటారు. నేనంటే ఇష్టం పోయిందా?
– ఒక సోదరి, హైదరాబాద్

ముందు రోజు రాత్రి నుంచే తినలేదని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. అది అలక కాదమ్మా, భయం. అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. ముదిరినప్పుడు అర్జెంటుగా వస్తే ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. బస్సులోనో ఆఫీసులోనో ఒక్కసారి బట్టలు పాడైతే చాలు, జబ్బు తగ్గినా ఆ భయం అంత తొందరగా పోదు. పెళ్లిపందిట్లో ఉన్న ఒకటి రెండు బాత్రూముల ముందు చుట్టాలు నిలబడి ఉంటారు. ఇటు విస్తరి దగ్గర 'ఇంకో గరిటె వేయించుకో అల్లుడూ' అని బలవంతం. ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? షుగరు, బీపీల గురించి మనవాళ్లు పెళ్లిళ్లలో గంటలు గంటలు మాట్లాడుకుంటారు గానీ ఈ మాట భార్యకు చెప్పడానికి కూడా మగవాళ్లకు నామోషీ.

మీరే కదపండి. 'ఎందుకు రారు' అని నిలదీయకుండా, 'దారిలో బాత్రూం గురించేనా టెన్షన్?' అని అడగండి. నోరు విప్పకపోతే ఆ రోజుకు వదిలేయండి. పండగ రద్దీలో కాకుండా మామూలు రోజున, బస్సులో కాకుండా రైల్లో, బాత్రూంకు దగ్గరి సీట్లు చూసుకుని ఒక్క పూటకు వెళ్లి రండి. ఒక జత బట్టలు మీ బ్యాగులోనే పెట్టుకోండి. అక్కడ ఏం తినాలన్నది ఆయన ఇష్టం. మీ నాన్నగారికి చెప్పాలంటే ముందు మీవారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే, పేగువాపు ఉంది, అంటుకునే జబ్బు కాదు, తినమని బలవంతపెట్టొద్దు అంటే సరిపోతుంది.

సెలవు రోజు పడుకునే ఉండటాన్ని మీ మీద అయిష్టం అనుకోకండి. మలంలో రక్తం పోయి ఐరన్ తగ్గితే నీరసం పట్టుకుంటుంది. జబ్బు అదుపులో ఉన్నా కొందరికి అది పోదు. హిమోగ్లోబిన్ చూపించండి. జబ్బు తగ్గింది కదా అని మాత్రలు మాత్రం ఆపనివ్వొద్దు, తిరగబెడుతుంది. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి పెయిన్‌కిల్లర్లు కొనుక్కోవడం కూడా మంచిది కాదు, కొన్ని ఈ జబ్బును రేపుతాయి. మళ్లీ రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి. ఆయన్ని అడిగితే 'బాగానే ఉంది సార్' అని లేచి వచ్చేస్తారు. ప్రయాణమంటే తిండి మానేస్తున్నారని మీరు చెప్పండి. పేగులో వాపు ఇంకా ఉందో లేదో మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ చూస్తే చాలావరకు తెలుస్తుంది. వాపు లేదని తేలినా గడప దాటడానికి జంకుతుంటే, సైకాలజిస్టు దగ్గరికి పంపమని అక్కడే అడగండి.