అడ్డసరపాకు కషాయం కోడలికి ఇవ్వచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా కోడలికి ఇప్పుడు మూడో నెల, వారం నుంచీ పొడిదగ్గు, రాత్రిళ్ళు నిద్రే లేదు. మా అత్తగారేమో దడి పక్కనున్న అడ్డసరపాకు కోసి కషాయం కాచిద్దాం అంటున్నారు, ఆకే కదా ఏమవుద్ది అంటారు. మా వారికి కూడా నెల బట్టి దగ్గు, ఆయనకి సుగరుంది. ఇద్దరికీ ఇవ్వచ్చాండీ?
- ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: కోడలికి మాత్రం ఒక్క చుక్క కూడా వద్దమ్మా, ముందు ఈ ఒక్క ముక్క పెద్దావిడకి చదివి వినిపించండి. అడ్డసరంలో వాసిసిన్ అని ఒక పదార్థం ఉంటుంది, అది గాలి గొట్టాల్ని వదులు చేస్తుంది, అందుకే దగ్గుకీ ఆయాసానికీ మనవాళ్ళు ఎప్పట్నుంచో వాడుతున్నారు, కాకపోతే అదే వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా కూడా చేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి అబార్షన్ భయం అక్కడే. ఆకే కదా అన్నారు చూడండి, మెడికల్ షాపులో దగ్గు సిరప్ సీసా మీద బ్రోమ్‌హెక్సిన్ అని ఉంటుందే, అది ఈ వాసిసిన్‌ని ఆధారం చేసుకుని తయారుచేసిన మందే. కోడలికి గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలింత, పడుకునే ముందు చెంచాడు తేనె చాలు, జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే ఆగకుండా తను చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. సిరప్ కూడా ఆవిడని అడక్కుండా కొనద్దు.

ఇక మీవారి సంగతి. మామూలు జలుబు దగ్గయితే పెద్దవాళ్ళకి ఆకు రసం 10 నుంచి 20 మిల్లీలీటర్లు ఆయుర్వేదంలో చెప్పిన మోతాదు, మనవాళ్ళు గ్లాసుడు తాగించేస్తారు, ఆ చేదుకి వాంతులవుతాయి. కొట్లో దొరికే వాసావలేహ్యం, అంటే ఈ అడ్డసరంతోనే చేసే లేహ్యం, ఆయనకొద్దు, అందులో పంచదార ఉంటుంది. ఆకు కోసేటప్పుడు పక్క చేలో పురుగుమందు కొట్టారేమో కూడా చూసుకోవాలి, అది ఎవరూ పట్టించుకోరు. అయితే ఇవన్నీ తర్వాత మాటలు, రెండు వారాలు దాటిన దగ్గుకి ముందు కళ్ళె పరీక్ష చేయించాలి, సుగరున్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. మీ దగ్గర్లో పీహెచ్‌సీలో ఫ్రీగానే చేస్తారు, పొద్దున్న లేవగానే వచ్చే కళ్ళె అయితే మంచిది.