జీతం మారిన వారమే అర్జీ పెట్టు

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. ‘పాప సగం రోజులు నా దగ్గరే ఉంటుంది, నాతో విడిపోయిన వాళ్లమ్మ జీతం కూడా ఇప్పుడు పెరిగింది. కోర్టు చెప్పినట్టు పాప ఖర్చుకి ఇంకా నేనెందుకు తనకి డబ్బు పంపాలి?’ అని అడిగావు. కోపం పక్కన పెట్టి ముందు లెక్క చూడు.

రోజులు సమానమైతే ఖర్చూ సమానమే అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ చాలాచోట్ల ఖర్చును రోజులను బట్టి కాదు, ఆదాయాలను బట్టి పంచుతారు. పాపకి నెలకి 100 అవుతుందనుకో. ఎవరింట్లో ఉన్నప్పుడు వాళ్లు పెట్టుకుంటే చెరో 50 ఖర్చవుతుంది. మీ ఇద్దరి సంపాదన కలిపితే అందులో నీది 70 శాతం కాబట్టి నీ వాటా 70. నువ్వు పెట్టిన 50 పోగా మిగిలిన 20 తనకి పంపాలి. ఇప్పుడు నీ భాగం 55కి తగ్గిందనుకో, పంపాల్సింది 5. తగ్గుతుంది కానీ సున్నా కాదు. రేపు తన జీతం నీదాన్ని దాటితే తనే నీకు పంపాలి. రెండిళ్లలోనూ మంచం, బట్టలు, పుస్తకాలు ఉండాలి కదా, అందుకని కొన్నిచోట్ల మొత్తం ఖర్చును ఒకటిన్నర రెట్లు చేసి లెక్క కడతారు. ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటివి మాత్రం విడిగా రాయించుకో. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇక అసలు సంగతి. తగ్గించే హక్కు ఉంది కదా అని నీ అంతట నువ్వు తగ్గించకు. కోర్టు ఆర్డరు మారేదాకా పాత అంకె పాత అంకే. మా పిల్లలు చెరో వారం మా ఇద్దరి దగ్గరా పెరిగిన రోజుల్లో వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. ‘సర్లే, కుదిరినప్పుడు ఇవ్వు’ అని ఫోన్‌లో అన్నాను. నిజంగా మంచి మనసుతోనే అన్నాను. ఏడాది తిరిగేసరికి నాకే డబ్బుకి ఇబ్బందైంది, బకాయి అడిగాను. ‘నువ్వే వద్దన్నావుగా’ అన్నాడు. ఎవరి దగ్గరా కాగితం లేదు. కోర్టులో ఆ ఫోన్ మాట నిలవలేదు, బకాయి మొత్తం ఆయన నెత్తిన పడింది. నేను గెలిచాను గానీ పిల్లలు ఆ ఏడాదంతా టెన్షన్‌తోనే గడిపారు.

చాలాచోట్ల మార్పు అర్జీ పెట్టిన రోజు నుంచే వర్తిస్తుంది, జీతం మారిన రోజు నుంచి కాదు. అందుకే వాయిదా వెయ్యకు. చిన్నాచితకా తేడాలకి మాత్రం కోర్టు మెట్లెక్కకు. కొన్నిచోట్ల అంకెలో 10 శాతమో 15 శాతమో తేడా వస్తేనే వింటారు, అదీ నిలకడగా ఉండే మార్పైతేనే. ఒక నెల వచ్చిన బోనస్‌ని మామూలుగా అలాంటి మార్పుగా చూడరు. మొన్న ఫోన్‌లో ‘ఉద్యోగం మానేస్తా, అప్పుడేం అడుగుతుందో చూస్తా’ అన్నావు చూడు, ఆ మాట ఇంకెక్కడా అనకు. కావాలని మానేసినవాడు ఎంత సంపాదించగలడో చూసి దాని మీదే లెక్క కడతారు.

ముందు తనతో మాట్లాడు. ఒప్పుకుంటే ఇద్దరూ సంతకం పెట్టి, దాన్ని ఆర్డరుగా మార్పించండి. ఏటా ఒకసారి జీతం కాగితాలు ఇచ్చిపుచ్చుకోవాలని కూడా అందులోనే రాయించు. ఒప్పుకోకపోతే లాయరు ఉన్నాడు. పాప చేత మాత్రం కబురు పంపకు.

ఆదివారం పాప పడుకున్నాక ఫోన్ చెయ్యి. నీ జీతం కాగితం, పాత ఆర్డరు ఎదురుగా పెట్టుకో.

మీ పెద్దమ్మ