కదలికను రాయడం గురించి ఒక యువ రచయితకు

హైదరాబాదు

చిరంజీవికి ఆశీస్సులు.

పరిసరాల పరిశుభ్రతపై ముప్పై సెకన్ల మోషన్ గ్రాఫిక్ (గీసిన బొమ్మలూ అక్షరాలూ కదిలే వీడియో) ప్రకటన కోసం నువ్వు రాసి పంపిన స్క్రిప్టు చదివాను. భాష బాగుంది, ప్రాసలు కుదిరాయి. అయితే చెత్తకుండీకి కళ్లూ నోరూ పెట్టి దానిచేత హితబోధ చేయించి, చివర ఒక నినాదం వేసి ముగించావు. ఆ మాటలను రేడియోలో చదివినా అంతే అర్థమవుతుంది కనుక, బొమ్మ కదలవలసిన అవసరం నీ స్క్రిప్టులో నాకు ఎక్కడా కనబడలేదు.

కెమెరాకు అందని సంగతులను చూపడానికే మోషన్ గ్రాఫిక్‌ను ఆశ్రయించాలి. చెత్తకుప్పను కెమెరా చక్కగా చూపగలదు. అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో, లోపల ఏమవుతుందో చూపడం దానికి కష్టం. నాలాలోకి, అంటే నగరంలోని మురుగు, వాననీటి కాలువలోకి, ఎవరో విసిరిన ఒక ప్లాస్టిక్ కవరును తీసుకో. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది, సాగర్ మిగులు నీరు మూసీకి చేరుతుంది, మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ దారినంతా ఒక పటంగా గీయించి, కవరును ఎర్ర చుక్కగా మార్చి నీటి గీత వెంట నడిపిస్తే, తన వీధికీ కృష్ణానదికీ ఉన్న సంబంధాన్ని ప్రేక్షకుడు పది పన్నెండు సెకన్లలో కళ్లారా చూస్తాడు. అయితే ‘చుక్క ప్రయాణిస్తుంది’ అని రాసి ఊరుకోకు. చుక్క నాలా మలుపులో ఆగాలి, వెనక వచ్చే చుక్కలు దానికి తగిలి పోగుపడాలి, నీలి గీత ఉబ్బి పక్కనున్న ఇళ్ల గడుల మీదికి పాకాలి. నాలా పూడుకుపోతే వానాకాలంలో బస్తీలోకి నీళ్లెందుకు వస్తాయో అప్పుడు ఒక్క మాట అక్కరలేకుండా తెలిసిపోతుంది. ఎక్కడ వేగం పెరగాలో, ఎక్కడ క్షణం నిలవాలో రాయడం యానిమేటర్ పని అని చాలామంది రచయితలు అనుకుంటారు. నా దృష్టిలో అది రచయిత పనే.

తడి చెత్త, పొడి చెత్త విషయమూ ఇలాంటిదే. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లోనే చెత్తను మూడుగా విడదీయమన్నాయి: తడి, పొడి, ఇక పాత బ్యాటరీలు, గడువు తీరిన మందుల వంటి ప్రమాదకర వ్యర్థాలు. విడదీయమని చెప్పే ప్రకటనలకు కొదవ లేదు, విడదీయకపోతే ఏమవుతుందో చూపేవే తక్కువ. ఒక సంచిని నిలువుగా కోసి చూపించు. కూరగాయల తొక్కల నీరు పాత పేపర్లలోకి ఇంకి వాటిని అమ్ముడుపోకుండా చేస్తుంది. డంపింగ్ యార్డులో గాలి అందని అడుగు పొరల్లో అదే తడి చెత్త కుళ్లి మీథేన్ పుడుతుంది. మీథేన్‌కు రంగు లేదు, దానికి రంగు వేసే హక్కు బొమ్మకు ఉంది. పైగా నిజమైన కుప్పను చూపితే జనం ముఖం తిప్పుకుంటారు, గీసిన కుప్పను చివరిదాకా చూస్తారు.

నీ మొదటి దృశ్యంలో వీధి నిండా చెత్త, పదిమందీ పారేస్తూ ఉండడం కనిపిస్తుంది. దీనిని తప్పక మార్చు. 1971లో అమెరికాలో ఒక ప్రకటన వచ్చింది. మూలవాసి వేషంలోని నటుడు చెత్త నిండిన రోడ్డు పక్కన నిలబడి కన్నీరు కారుస్తాడు. అది ఎంతో పేరు తెచ్చుకున్నా, సామాజిక మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని దానిలో ఒక ప్రమాదాన్ని ఎత్తి చూపాడు: చెత్త పారేయడం తప్పని చెబుతూనే, అందరూ పారేస్తున్నారన్న సంగతిని కూడా అది ప్రేక్షకుడి చెవిన వేస్తోంది. కాబట్టి శుభ్రమైన వీధిని చూపి, అందులో ఒకే ఒక్క కవరు పడినప్పుడు అది ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూపడం మేలు. ఆ కవరు వేసినవాడిని లుంగీ కట్టిన బస్తీ మనిషిగా గీయనివ్వకు. కారు అద్దం దించి బయటికి విసిరే చేతులు ఈ నగరంలో తక్కువేమీ కావు.

ఇక తెర మీది అక్షరాల సంగతి. మెట్రో స్టేషన్ల తెరల మీద నీ వ్యాఖ్యానం వినబడుతుందని నమ్మవద్దు. శబ్దం లేకుండా చూసినా కథ తెలియాలి. అక్షరాలను ఒక్కొక్కటిగా ఎగిరించి కూర్చే పద్ధతి ఇంగ్లీషుకు నప్పుతుంది కానీ, మన లిపిలో గుణింతమూ ఒత్తూ విడిపోతే ‘స్వచ్ఛత’ చదవరాని ముక్కలవుతుంది. పదాన్ని మొత్తంగా ప్రవేశపెట్టమని స్క్రిప్టులోనే రాసిపెట్టు. ఒత్తులు కిందికి దిగుతాయి కనుక వరుసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ జాగా అడుగు. ఫైలు ఒక కంప్యూటర్ నుంచి మరొక దానికి మారినప్పుడు ఫాంటు దెబ్బతిని ఒత్తులు పక్కకు జారడం మామూలే, కాబట్టి చివరి వీడియోలో ప్రతి పదాన్నీ నువ్వే చదివి చూడాలి. ఆ పని తెలుగు రాని ఎడిటర్‌కు వదిలేస్తే పరిశుభ్రతపై ప్రకటన అచ్చుతప్పులతో వెళుతుంది.

వ్యాఖ్యానం యాభై మాటలు దాటకుండా చూసుకో. టీవీ లెక్కన సెకనుకు 25 ఫ్రేములు (విడి బొమ్మలు), ముప్పై సెకన్లకు 750. బొమ్మ ఊపిరి తీసుకోవడానికి వాటిలో కొన్నింటిని నిశ్శబ్దంగా వదలాలి. చివరి ఐదు సెకన్లలో ‘నగరాన్ని కాపాడుకుందాం’ వంటి మాట వద్దు. రేపు ఉదయం చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో వచ్చినప్పుడు ఆకుపచ్చ బుట్టలో తడి, నీలం బుట్టలో పొడి ఇవ్వమని ఒక్క పని చెప్పు, ఆ రెండు రంగులనూ మొదటి ఫ్రేము నుంచే వేరే దేనికీ వాడనివ్వకు.

ఈసారి స్క్రిప్టును రెండు నిలువు వరుసలుగా రాయి: ఎడమవైపు కదలిక, కుడివైపు మాట. ముందు ఎడమవైపు పూర్తి చేసి, కుడివైపు ఖాళీగా ఉండగానే నాకు పంపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి