68,000 బ్రేకు బిల్లులో మీకు నిజంగా పనికొచ్చేదెంత?

ప్రశ్న: మాది పలమనేరు, టెంట్ హౌస్ నడుపుతున్నాం. 2011 మోడల్ బొలెరో పికప్, వెనక రెండు చక్రాల ట్రైలర్ మీద టన్ను బరువు జనరేటర్. చిత్తూరు, తిరుపతి పెళ్లిళ్లకు మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోతోంది. మెకానిక్ 68,000 చెప్పాడు. వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయడానికి 32,000, ముందు డిస్కులు, ప్యాడ్లకు 14,000, వెనక లైనర్లు, వీల్ సిలిండర్లకు 9,500, బూస్టర్, మాస్టర్ సిలిండర్‌కు 9,000, హోసులు, బ్రేకు ఆయిల్‌కు 3,500. రెండు లక్షల చీటీ ఉంది, పాడుకుంటే 36,000 పోయేలా ఉంది. పాడమంటారా?

జవాబు: వద్దు. 68,000 పని కోసం 36,000 వదులుకుంటారా? పైగా ఆ బిల్లే సరిగా లేదు. వెనక డిస్కులే వేసేటట్టయితే డ్రమ్ముల్లో ఉండే లైనర్లకు 9,500 దేనికి? రెండింట్లో ఒకటి కొట్టేయాలి. నేనైతే 32,000 కొట్టేస్తాను. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీకి అదో సాకు.

వేడెక్కాక పెడల్ మెత్తబడిందంటే ముందు అనుమానించాల్సింది ఆయిల్‌ని. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155కే మరగొచ్చు. పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నొక్కితే అవే నలుగుతాయి, బ్రేకు పడదు. అదే పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే తప్పు ప్యాడ్లది, లేదా కాలి బలాన్ని పెంచే బూస్టర్‌ది. కాబట్టి బిల్లులో అన్నిటికన్నా చిన్న అంకె, ఆ 3,500, మొదట పెట్టండి. పైపుల్లో గాలి తీసేటప్పుడు, ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలెట్టమనండి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి.

బూస్టర్‌ని మీరే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు నొక్కి, చివరిసారి నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ బాగున్నట్టే. తర్వాత అర నిమిషం నొక్కిపట్టండి. మెల్లగా జారిపోతూ ఉండి, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే మాస్టర్ సిలిండర్ పోయినట్టు. రెండూ బాగుంటే 9,000 మిగులు. అప్పుడు మీ ఖర్చు 27,000.

లోడు కోసం వెనక కమాను కట్టకు అదనపు పట్టీ వేయించారా? వేయిస్తే, మీ బండికి వెనక లోడ్ సెన్సింగ్ వాల్వ్, అంటే బండి ఎంత దిగిందో చూసి వెనక బ్రేకు ప్రెషర్ మార్చేది, ఉందేమో చూపించండి. పట్టీ గట్టిపడితే బండి కిందికి దిగదు. వాల్వ్ ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకుకు ప్రెషర్ తగ్గిస్తుంది. అది సెట్ చేయకపోతే కొత్త లైనర్ల డబ్బు దండగే.

కొట్టేసిన ఆ 32,000, చేతిలో డబ్బు ఆడినప్పుడు ట్రైలర్‌కి పెట్టండి. టన్ను బరువు వెనకనుంచి తోస్తుంటే పికప్ బ్రేకులు ఎంత బాగున్నా వేడెక్కుతాయి. ట్రైలర్ ముందుకు నెట్టుకొచ్చినప్పుడు దానంతటదే పడే ఓవర్‌రన్ బ్రేకు వేయించండి. అది అయ్యేదాకా జనరేటర్‌ని ఘాట్ దించొద్దు, చిత్తూరులోనే కిరాయికి తీసుకోండి. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్, బీమా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

డబ్బు సంగతి. ముందు పికప్ పనికి కావాల్సిన 27,000కి బంగారం తాకట్టు పెడితే ఏడాదికి 10 శాతం లెక్కన ఆరు నెలలకు వడ్డీ 1,350. అదే నూటికి రెండు రూపాయల చేబదులైతే 3,240. నెలనెలా కిస్తీ ఒప్పుకోకండి, ఆషాఢంలో మీకు ముహూర్తాలుండవు. వడ్డీ, అసలు ఒకేసారి కట్టే పద్ధతి అడిగి, శ్రావణం పెళ్లిళ్ల డబ్బుతో విడిపించుకోండి. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ ఏటా తప్పదు. ఈ పని దానికి ముందే పెట్టుకోండి. తీసేసిన పాత సామాన్లు మాత్రం సంచిలో వేసి ఇమ్మనండి. డిస్కు మీద కనీస మందం పోతపోసి ఉంటుంది, కొలిచి చూస్తే అది మార్చాల్సినదో కాదో తెలిసిపోతుంది.